ఏహెచ్‌ఐ బాగానే ఉంది, మరి నీరసం ఎందుకు పోలేదు?

నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్‌లోంచి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ వాడుతున్నవాళ్లు స్లీప్ ల్యాబ్‌కి మళ్లీ వచ్చినప్పుడు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నిద్రలో గంటకి ఎన్నిసార్లు శ్వాసకి ఆటంకం వచ్చిందో చెప్పే అంకే ఏహెచ్‌ఐ. గురక ఆగిపోయింది. ఇంట్లోవాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. ఫోన్‌లో యాప్ రోజూ తొంభైకి పైన మార్కులు వేస్తోంది. మనిషి మాత్రం మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీలోనే ఒరిగిపోతున్నాడు. సాయంత్రానికి ఒళ్లు బరువెక్కి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు. "లెక్కలన్నీ బాగున్నాయి, మీరే అనవసరంగా టెన్షన్ పడుతున్నారు" అని పంపించేస్తే ఆ మనిషి ఇంకో ఆర్నెల్లకి మిషన్‌ని అటకెక్కిస్తాడు. మన గోదావరి జిల్లాల్లో అలా అటకెక్కిన మిషన్లు చాలానే ఉన్నాయి. వేలకు వేలు పోసి కొన్నవి. నాకు బాధేసేది ఎక్కడంటే, వాళ్లలో చాలామంది నీరసానికి కారణం ఆ మిషన్ మెమరీ కార్డులోనే ఉంటుంది. దాన్ని తెరిచి చూసినవాళ్లే ఉండరు.

నేను డాక్టర్ని కాదు. రాజమండ్రిలో స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. రాత్రంతా కూర్చుని పడుకున్నవాళ్ల శ్వాస గీతలు చూడటం, పగలు ఇళ్ల నుంచి వచ్చిన కార్డులు చదివి డాక్టర్‌కి అందించడం నా పని. మిషన్ ఇచ్చే లెక్కలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ప్రెజర్ మార్చడం డాక్టర్‌తో మాట్లాడి చేయాల్సిన పని.

ముందు అందరూ చూసే అంకె సంగతి. శ్వాస 90 శాతానికి పైగా తగ్గి, అంటే దాదాపు ఆగిపోయి, కనీసం 10 సెకన్లు అలాగే ఉంటే దాన్ని అప్నియా అంటారు. పూర్తిగా ఆగకుండా 30 శాతమో ఇంకా ఎక్కువో తగ్గి, దాంతోపాటు రక్తంలో ఆక్సిజన్ పడిపోవడమో మెదడు ఉలిక్కిపడటమో జరిగితే హైపాప్నియా. ఈ రెండు ఆటంకాలూ కలిపి గంటకి ఎన్నొచ్చాయన్నదే ఏహెచ్‌ఐ. 5 లోపు మామూలు, 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మిషన్ పెట్టుకున్నాక ఈ అంకె 5 లోపుకి వస్తే చికిత్స పనిచేస్తున్నట్టు లెక్క. ఇందులో తప్పేమీ లేదు. కానీ అది చెప్పేది గొంతు మూసుకుపోవడం తగ్గిందన్న ఒక్క విషయమే. నిద్ర బాగా పట్టిందా, సరిపోయిందా అన్నది ఆ అంకెలో లేదు.

ఎందుకు లేదంటే మిషన్‌కి అది తెలిసే దారి లేదు. ల్యాబ్‌లో పరీక్ష చేసేటప్పుడు తలకి, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకి వైర్లు అంటిస్తాం. ఛాతీకి, పొట్టకి బెల్టులు కడతాం. వేలికి ఆక్సిజన్ క్లిప్ పెడతాం. మనిషి ఎప్పుడు నిద్రలోకి జారాడో, ఏ దశలో ఉన్నాడో, ఎన్నిసార్లు మెదడు మేలుకుందో అన్నీ కనబడతాయి. ఇంట్లో మిషన్‌కి ఉన్నది ఒక్క గొట్టం. అందులోంచి గాలి ఎంత వేగంతో పోతోంది, ఎంత ప్రెజర్‌లో పోతోంది, ఎంత బయటికి కారుతోంది, అంతే. మీరు మాస్క్ పెట్టుకుని రెండు గంటలు ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నా అది నిద్రగానే రాసుకుంటుంది.

దీనివల్ల ఏహెచ్‌ఐ లెక్కే మారిపోతుంది. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు వరకు మాస్క్ ఉంది, అంటే 8 గంటలు. మొత్తం 24 ఆటంకాలు వచ్చాయి. మిషన్ 24ని 8తో భాగించి 3 అంటుంది. నిజంగా నిద్రపోయింది 5 గంటలే అయితే అది దాదాపు 5, సరిగ్గా గీత మీద. నిద్ర పట్టని జబ్బు, స్లీప్ అప్నియా రెండూ కలిసి ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల రిపోర్టు ఎప్పుడూ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

యాప్ మార్కుల సంగతి ఇంకా విచిత్రం. రెస్‌మెడ్ అనే మిషన్ కంపెనీ వాళ్ల మైఎయిర్ యాప్ వందకి వేసే మార్కుల్లో 70 మీరు ఎన్ని గంటలు పెట్టుకున్నారన్నదానికే. మాస్క్ ఎంత బిగువుగా ఉందన్నదానికి 20. మాస్క్ ఎన్నిసార్లు తీసి పెట్టారన్నదానికి 5. మనం ఇంత పట్టించుకునే ఆటంకాలకి మిగిలిన 5 మాత్రమే. మనిషికి మిషన్ అలవాటు చేయించడానికి ఆ పద్ధతి మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ 95 మార్కులు వచ్చాయి కాబట్టి నా నీరసానికి కారణం ఇంకేదో అనుకోవడానికి వీల్లేదు.

సగటు దాచేసే తెల్లవారుజాము

ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. రోజంతా కలిపి చెరువులో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, సగటున బాగుందని చెబితే ఏ రైతూ నిశ్చింతగా పడుకోడు. పగలు ఎండకి నీటిలో ఆక్సిజన్ పెరుగుతుంది, రాత్రి తగ్గుతూ తగ్గుతూ తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. నష్టం జరిగేది అప్పుడే కాబట్టి అప్పటి అంకె కావాలి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు అప్పుడు తిరగాలి. నిద్రలో శ్వాస కూడా అంతే. కలలొచ్చే రెమ్ నిద్ర ఎక్కువగా రాత్రి చివరి మూడో వంతులో వస్తుంది. ఆ దశలో ఒంట్లో కండరాలు దాదాపుగా అన్నీ సడలిపోతాయి, గొంతు కూడా తేలిగ్గా మూసుకుపోతుంది. ఒక మనిషి అప్నియా మొత్తం ఆ చివరి గంటల్లోనే కుప్పపడి ఉండొచ్చు.

అలాంటి కార్డు ఒకటి చెబుతాను. ఆకివీడు వైపు నుంచి వచ్చిన ఒక ఆక్వా రైతుది. మొదటి పరీక్షలో ఏహెచ్‌ఐ 46, మిషన్‌తో 2.2. యాప్‌లో అంతా పచ్చగానే ఉంది. ఆయన మాత్రం పగలు తూలిపోతున్నాడు. కార్డు కంప్యూటర్‌లో పెట్టి ఓస్కార్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాం. అది ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. రాత్రి మొత్తం ఒక గీతగా కనిపిస్తుంది, కావాల్సినచోట దగ్గరికి లాగి చూడొచ్చు.

ఒక మామూలు రాత్రి ఇలా ఉంది. పది నలభైకి మాస్క్ పెట్టుకున్నాడు. రెండుంబావు వరకు గీత నిమ్మళంగా నడిచింది, మొత్తం మీద మూడే ఆటంకాలు. రెండుంబావుకి గీత తెగిపోయింది. రెండు యాభై ఐదుకి మళ్లీ మొదలైంది. నాలుగు దాటేదాకా బాగుంది. అక్కడి నుంచి ప్రెజర్ గీత మెట్లు మెట్లుగా ఎక్కింది, ఏడు, తొమ్మిది, పన్నెండు సెంటీమీటర్లు (ఈ ప్రెజర్‌ని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు). పన్నెండు తాకగానే లీకు గీత నేల మీద నుంచి ఒక్కసారిగా లేచి నిమిషానికి 30 లీటర్లు దాటింది. ముప్పై ఐదు నిమిషాల్లో తొమ్మిది ఆటంకాలు. నాలుగూ యాభైకి గీత మళ్లీ తెగింది, ఇక రాలేదు.

"బాబాయి గారూ, రెండుంబావుకి ఎక్కడికెళ్లారు?"

"చెరువు కాడికి బాబూ. కరెంటు పోయిందని ఫోనొచ్చింది. జనరేటర్ వేశాడో లేదోనని."

"మరి నాలుగూ యాభైకి?"

"అది నాకు తెలీదు. లేచేసరికి మాస్క్ దిండు కింద ఉంటది."

పన్నెండు ఆటంకాలని మాస్క్ ఉన్న ఐదున్నర గంటలతో భాగిస్తే 2.2. లెక్క సరైనదే. కానీ ఆ ముప్పై ఐదు నిమిషాలు విడిగా తీస్తే గంటకి 15 చొప్పున. ఆ తర్వాత ఆరున్నరకి లేచేదాకా గంటా నలభై నిమిషాలు మాస్కే లేదు. చికిత్స లేకపోతే గంటకి 46 సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో జరిగే మనిషి, అదీ రెమ్ నిద్ర ఎక్కువగా ఉండే సమయంలో. మిషన్ ఆగిపోయింది కాబట్టి ఆ గంటా నలభై నిమిషాల ఆటంకాలు ఏ సగటులోకీ రాలేదు. ఆయన నీరసానికి ఇంతకంటే పెద్ద రహస్యం వెతకక్కర్లేదు.

ఈ గీతల్లో ఏది ముందొచ్చిందో చూడటం ముఖ్యం. ప్రెజర్ ముందు పెరిగి, ఆ తర్వాత లీకు మొదలైతే ఆ ప్రెజర్‌కి మాస్క్ లేచిపోతోందనో నోరు తెరుచుకుంటోందనో అనుమానించాలి. ప్రెజర్ కదలకుండా లీకు ఒక్కసారి లేచి కాసేపటికి మళ్లీ మామూలైతే పక్కకి తిరిగినప్పుడు మాస్క్ జరిగి ఉంటుంది. మెల్లగా గంటల తరబడి పెరిగితే పట్టీలు సాగిపోయాయి, లేదా కుషన్ పాతబడింది. మన దగ్గర చెమట ఎక్కువ, తలకి కొబ్బరి నూనె రాసుకుని పడుకుంటారు, మీసాలు గుబురుగా ఉంటాయి. మాస్క్ అంచు చర్మానికి పట్టాల్సినచోట ఇవన్నీ అడ్డమే. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కుని, కుషన్‌ని రోజూ తుడిస్తే సగం మందికి లీకు తగ్గడం నేను చూశాను.

లీకు గురించి ఇంకో మాట. రెస్‌మెడ్ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు కింద లెక్క. కొన్ని కంపెనీల మిషన్లు మాస్క్ రంధ్రాల్లోంచి కావాలని వదిలే గాలిని కూడా కలిపి చూపిస్తాయి, వాటిలో అంకె మామూలుగానే ఎక్కువ ఉంటుంది. ఒకరి అంకెని ఇంకొకరి మిషన్‌తో పోల్చుకోకండి. లీకు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు మిషన్ శ్వాసని సరిగ్గా కొలవలేదు, వచ్చిన ఆటంకాలు కూడా నమోదు కావు. కాబట్టి లీకు రాత్రంతా ఎత్తులో ఉండి ఏహెచ్‌ఐ 1 అని ఉంటే ఆ 1ని నమ్మకూడదు.

ఆ రైతు మిషన్ కొన్నప్పటి నుంచి ప్రెజర్ 4 నుంచి 20 వరకు అన్న సెట్టింగ్‌లోనే ఉంది. డబ్బాలోంచి తీసినట్టే వాడేస్తున్నవాళ్లు చాలామంది. ఆటో మిషనే కదా, అదే చూసుకుంటుందిలే అన్న నమ్మకం. కానీ ఆటో మిషన్ గొంతు ఇరుకవడం మొదలయ్యాకే ప్రెజర్ పెంచుతుంది. కింద 4 దగ్గర ఉన్నది 12కి ఎక్కేలోపు రెమ్ నిద్రలో నాలుగైదు ఆటంకాలు అయిపోతాయి. పైగా ఆ ఎక్కుదిగుళ్లే మనిషిని లేపుతాయి. డాక్టర్ ఆయనకి కనిష్ఠ ప్రెజర్ పెంచారు, ముక్కుకి మాత్రమే ఉండే మాస్క్ తీసి నోటిని కూడా కప్పేది ఇచ్చారు, రెండు దిండ్లు ఒకటి చేశారు. ఎత్తు దిండు మీద గడ్డం ఛాతీకి ఆనితే గొంతు మడతపడి వరసగా ఆటంకాలొస్తాయి, ప్రెజర్ ఎంత పెంచినా అవి తగ్గవు. తర్వాతి నెల కార్డులో ఏహెచ్‌ఐ 1.4. 2.2 ఎక్కడ, 1.4 ఎక్కడ, పెద్ద తేడా కనిపించదు. కానీ తెల్లవారుజామున గీత ఆరున్నర వరకు తెగకుండా నడిచింది, మధ్యాహ్నం కునుకు తగ్గింది. నీరసం పూర్తిగా పోలేదు. రెండుంబావుకి చెరువు దగ్గరికి వెళ్లడం ఆగలేదు కాబట్టి పోదు కూడా. ఆ నిద్ర ఏ మిషనూ తెచ్చివ్వలేదు. ఇప్పుడు తండ్రీకొడుకులు వంతులేసుకున్నారని విన్నాను, సంతోషమేసింది.

ఎన్ని గంటలు పెట్టుకోవాలన్నదాని మీద ఒక అపోహ ఉంది. "నాలుగు గంటలు చాలన్నారండీ" అంటారు. ఆ నాలుగు గంటలు అమెరికాలో ఇన్సూరెన్స్ వాళ్లు మిషన్ డబ్బులివ్వడానికి పెట్టుకున్న కొలత, 30 రోజుల్లో 70 శాతం రాత్రులు నాలుగేసి గంటలు. ఒంటికి ఎంత కావాలన్నది వేరే సంగతి. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో తమకి నిద్రమత్తు తగ్గిందని మనుషులు చెప్పడానికి 4 గంటల వాడకం సరిపోయింది. పరీక్షలో కొలిస్తే మత్తు తగ్గినట్టు తేలడానికి 6 గంటలు పట్టింది. రోజువారీ పనులు మామూలుగా చేసుకోగలగడానికి ఏడున్నర గంటలు. అప్పుడు కూడా అందరికీ కాలేదు. ఇంకోటి, ఏళ్ల తరబడి పాడైన నిద్ర వారంలో తీరదు. కొందరికి నెలలు పడుతుంది. మొదటి పదిహేను రోజుల్లోనే మిషన్ పనికిరాదని తేల్చేయకండి.

అంకెల్లోకి రాని ఇరుకు

కొందరి కార్డులో ఇవేమీ ఉండవు. ఏడు గంటల వాడకం, లీకు లేదు, ఏహెచ్‌ఐ 1. ఆ మనిషి పొద్దున్నే తలనొప్పితో లేస్తుంది. "లేస్తుంది" అని కావాలనే రాశాను, ఈ బాపతులో ఆడవాళ్లు ఎక్కువ కనిపిస్తారు, సన్నగా ఉన్నవాళ్లు కూడా. వాళ్ల గురక పెద్దగా వినిపించదు, శ్వాస పూర్తిగా ఆగదు కూడా. గొంతు కాస్త ఇరుకై, గాలి లాగడానికి కష్టపడి, ఆ కష్టానికి మెదడు ఉలిక్కిపడుతుంది. అలా రాత్రంతా. 1993లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గియెమినో బృందం దీన్ని అప్పర్ ఎయిర్‌వే రెసిస్టెన్స్ సిండ్రోమ్ అని వివరించింది. మన ఊళ్లలో ఇలాంటివాళ్లకి ఏళ్ల తరబడి దొరికేది రక్తం తక్కువ, టెన్షన్ ఎక్కువ అన్న మాటే.

ఇది చూడాలంటే శ్వాస గీతని రెండు మూడు నిమిషాల వెడల్పుకి లాగి చూడాలి. గాలి లోపలికి పీల్చేటప్పుడు గీత పైకి లేచి, గుండ్రంగా తిరిగి కిందికి దిగాలి. ఇరుకు ఉంటే ఆ పైభాగం చదునుగా తెగినట్టు ఉంటుంది, లేదా నడుమ నొక్కు పడుతుంది. అలాంటి చదును శ్వాసలు వరసగా పది పదిహేను, ఆ తర్వాత ఒక పెద్ద శ్వాస, మళ్లీ చదును. ఆ పెద్ద శ్వాస దగ్గర మెదడు మేలుకుని ఉండే అవకాశం ఉంది. శ్వాస కష్టం వల్ల వచ్చే ఈ మెలకువని రేరా అంటారు, ఏహెచ్‌ఐలో ఇది కలవదు. కొన్ని మిషన్లు విడిగా చూపిస్తాయి, కానీ మెదడు వైర్లు లేకుండా వేసే అంచనా కాబట్టి అన్నీ పట్టుకోలేవు.

దీనికి మందు ప్రెజర్ పెంచడమే అని తొందరపడొద్దు. ఊపిరి వదిలేటప్పుడు ప్రెజర్ కాస్త తగ్గించే ఏర్పాటు ఉంటుంది, రెస్‌మెడ్‌లో ఈపీఆర్ అంటారు, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల వరకు. ప్రెజర్ 8 పెట్టి ఈపీఆర్ 3 పెడితే వదిలేటప్పుడు గొంతులో ఉండేది 5 మాత్రమే. కొందరి గొంతుకి ఆ ఐదు చాలదు, అక్కడే మూసుకుపోతుంది. ఇంకొందరికి పీల్చేటప్పటికీ వదిలేటప్పటికీ మధ్య ఆ తేడా వల్లే గాలి తేలిగ్గా లోపలికి పోయి గీత గుండ్రమవుతుంది. ఒకే సెట్టింగ్ ఇద్దరిలో రెండు రకాలుగా పనిచేస్తుంది. అందుకే పక్కింటివాళ్ల సెట్టింగ్ మనకి పనికిరాదు. ఒకసారి ఒక సెట్టింగే మార్చి, వారం పది రోజులు చూసి, తర్వాత ఇంకోటి మార్చాలి. ఒకే రాత్రి మూడు సెట్టింగులు మారిస్తే ఏది పనిచేసిందో డాక్టర్‌కి కూడా తెలీదు.

రిపోర్టులో సీఏ అన్న అక్షరాలు చూసి భయపడేవాళ్లు ఉన్నారు. గొంతు తెరిచే ఉంది, కానీ శ్వాస తీసుకోమన్న ఆజ్ఞే మెదడు నుంచి రాలేదు అన్నప్పుడు మిషన్ అలా రాస్తుంది. శ్వాస ఆగినప్పుడు గాలిని సన్నగా కదిపి చూసి, గొంతు తెరిచి ఉందో మూసి ఉందో అది తేల్చుకుంటుంది. మొదటి వారాల్లో కొందరికి ఇవి కొత్తగా వస్తాయి. చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. అంతేకాదు, మెలకువగా ఉన్నప్పుడు పక్కకి దొర్లి, నిట్టూర్చి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినా మిషన్ సీఏ అనే రాసుకుంటుంది. దాని ముందు గీత చూడండి. పెద్ద శ్వాస, గజిబిజి, ఆ తర్వాత ఆగడం ఉంటే అది మెలకువ బాపతు. అలాంటి గుర్తులు రాత్రికి చాలా ఉంటే ప్రశ్న మారిపోతుంది. శ్వాస సంగతి పక్కనపెట్టి, ఈ మనిషి ఇన్నిసార్లు ఎందుకు లేస్తున్నాడని అడగాలి.

నిజంగా పట్టించుకోవాల్సిన గీత వేరే ఉంది. శ్వాసలు చిన్నగా మొదలై, క్రమంగా పెద్దవై, మళ్లీ చిన్నవై, ఆగిపోయి, ఇదే వరస నిమిషాల తరబడి ఒకే తూకంతో సాగుతుంటే చెయిన్-స్టోక్స్ శ్వాస కావచ్చు. గుండె బలహీనపడినవాళ్లలో, పక్షవాతం వచ్చినవాళ్లలో కనిపిస్తుంది. మిషన్ మార్చే ముందు గుండెకి ఎకో పరీక్ష చేయించాలి. ఎందుకంటే దీనికి వాడే ఏఎస్‌వీ అనే మిషన్ గుండె పంపింగ్ 45 శాతమో అంతకంటే తక్కువో ఉన్నవాళ్లలో మరణాలు పెంచిందని 2015లో సర్వ్-హెచ్ఎఫ్ పరిశోధన తేల్చింది. నొప్పులకి ట్రమడాల్ లాంటి మందులు రోజూ వేసుకునేవాళ్లు కూడా డాక్టర్‌కి ఆ సంగతి తప్పక చెప్పాలి. మెదడు శ్వాస ఆజ్ఞని మందగింపజేసే గుణం ఆ జాతి మందులకి ఉంది.

మిషన్‌కి కనబడని ఇంకో పెద్ద విషయం ఆక్సిజన్. ఏళ్ల తరబడి చుట్ట కాల్చినవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసినవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తులే సరిగ్గా పనిచేయకపోవచ్చు. గొంతు తెరిచి ఉంటుంది, ఏహెచ్‌ఐ 2 ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం గంటల తరబడి 90 లోపే నడుస్తుంది. పొద్దున్నే తల దిమ్ముగా, నొప్పిగా ఉందంటే దీన్ని అనుమానించాలి. కోవిడ్ అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ పగలు వేలికి పెట్టుకుని 97 చూసుకుంటే లాభం లేదు. రాత్రంతా రికార్డు చేసే ఆక్సీమీటర్ ఒక రాత్రి మాస్క్‌తో పాటు పెట్టుకోవాలి.

వానాకాలం కరెంటు కోతలు, తుపాను రోజులు మన ప్రాంతానికి మామూలే. నీటిని వేడిచేసే హ్యూమిడిఫయర్, వేడి గొట్టం కరెంటు ఎక్కువ తాగుతాయి. ఇన్వర్టర్ మీద అవి ఆపేసి గాలి ఒక్కటీ నడిపిస్తే చాలాసేపు వస్తుంది. మాస్క్ తీసి పక్కన పెట్టేయడం కంటే అది నయం.

గీతలు శుభ్రంగా ఉంటే

గంటలు సరిపోయాయి, లీకు లేదు, శ్వాస గుండ్రంగా ఉంది, ఆక్సిజన్ బాగుంది. అయినా నీరసం. అప్పుడు మిషన్‌ని వదిలి మనిషిని చూడాలి. మొదట అడగాల్సింది, నిద్ర ముంచుకొస్తోందా, ఒంట్లో సత్తువ లేదా? బస్సులో కూర్చుంటే, టీవీ చూస్తుంటే కళ్లు మూతలు పడటం ఒకటి. పడుకున్నా నిద్ర రాదు గాని లేచి పని చేయబుద్ధి కాకపోవడం ఇంకొకటి. మొదటిది కొలవడానికి ఎప్‌వర్త్ ప్రశ్నలున్నాయి. ఆస్ట్రేలియా డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నలు, మొత్తం 24 మార్కులు. 10 దాటితే నిద్రమత్తు ఎక్కువున్నట్టు. రెండోది అయితే దాని వేరు చాలాసార్లు గొంతులో ఉండదు.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), షుగర్ పరీక్షలు ఎవరైనా ముందు చేయించాల్సినవే. అప్నియా ఉన్నవాళ్లకి థైరాయిడ్ రాకూడదని ఎక్కడా లేదు. షుగర్ అదుపు తప్పితే రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేవాలి, ఆ నిద్ర ఏం నిద్ర? జలుబుకి రోజూ వేసుకునే సెట్రిజిన్, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, ఇవన్నీ పగలు మత్తునిస్తాయి. సాయంత్రం మద్యం తాగితే గొంతు కండరాలు ఇంకా సడలుతాయి, కార్డులో ఆ రాత్రులు మొదటి సగంలోనే తేడాగా కనిపిస్తాయి. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కాళ్లు కదిపితే తప్ప హాయి లేనట్టు ఉంటే రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. అలాంటివాళ్లకి ఫెరిటిన్ 75 లోపు ఉంటే హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా డాక్టర్లు ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. ఇక దిగులు. ఇంటి పెద్ద నీరసంగా ఉందంటే దిగులు అన్న మాట మన ఇళ్లలో ఎవరూ అనరు. పంట పోయి, అప్పు పెరిగి, మనిషి లోలోపల కుంగిపోతుంటే అది కూడా నీరసంగానే బయటికొస్తుంది. దానికీ వైద్యం ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇవన్నీ చూశాక కూడా నిద్రమత్తు మిగిలేవాళ్లు పదిమందిలో ఒకరు అటూ ఇటూగా ఉంటారు. వాళ్లకి మాస్క్ పెట్టి ల్యాబ్‌లో మళ్లీ పూర్తి పరీక్ష చేయాలి. కాళ్లు ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో, మెదడు ఎన్నిసార్లు లేస్తోందో అప్పుడే తెలుస్తుంది. అవసరమైతే మర్నాడు పగలు ఎంత త్వరగా నిద్రలోకి జారుతున్నారో కొలిచే పరీక్ష కూడా. మెలకువగా ఉంచే మొడాఫినిల్ లాంటి మందులు ఉన్నాయి, డాక్టర్ చీటీ మీదే, బీపీ, గుండె చూసుకుని. మాస్క్ మానేసి ఆ మాత్ర వేసుకోవడం మాత్రం చాలా ప్రమాదం. మత్తు పోతుంది, రాత్రి శ్వాస ఆగడం పోదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు యాప్ మార్కుల ఫొటో ఒక్కటే తీసుకెళ్లకండి. మెమరీ కార్డు, వాడే మందులన్నీ ఒక సంచిలో, రెండు వారాల కాగితం. ఆ కాగితంలో ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మధ్యలో ఎందుకు లేచారు, మధ్యాహ్నం ఎలా ఉంది, ఇంతే. మీరు నీరసంగా ఉన్నానని రాసిన రోజునీ, కార్డులో ఆ రాత్రినీ పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో దారి దొరికిన సందర్భాలు నాకు బాగా గుర్తు. ఈ లెక్క తేలేదాకా హైవే మీదైనా, కాలవగట్టు రోడ్డు మీదైనా బండి తాళాలు ఇంకొకరికి ఇవ్వండి. కళ్లు మూతపడటానికి రెండు సెకన్లు చాలు, మన కాలవలకి చాలాచోట్ల గోడలు కూడా లేవు.